దాదీమా తీసిపెట్టిన బియ్యం

మా సంఘానికి ఏదో వార్షికోత్సవం వస్తోందట, దానికొక సంచిక తెస్తున్నారట. యువజన సంఘం అమ్మాయి ఒకతె మల్కాజ్‌గిరిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "అమ్మమ్మగారూ, పోలీస్ యాక్షన్ టైమ్‌లో మన చర్చి ముస్లిం ఫ్యామిలీస్‌కి షెల్టర్ ఇచ్చిందట కదా. అది కళ్ళారా చూసినవాళ్ళు మీరొక్కరే మిగిలారు. ఒక్క పేజీ రాసివ్వండి చాలు" అంది. టీ ఇచ్చాను, బిస్కెట్లు పెట్టాను, రాస్తాలే పొమ్మన్నాను. అలాంటి పేజీ ఎలా రాయాలో నాకు తెలియక కాదు. సేవ, ప్రేమ, సహోదరత్వం అనే మాటలు తలా రెండుసార్లు పడితే సరిపోతుంది. నాలుగు రోజులు కూర్చున్నాను, ఆ పేజీ రాలేదు. వచ్చింది ఇది. దీన్ని వాళ్ళు వేసుకోరని నాకు తెలుసు.

అప్పటికి నాకు పదేళ్ళు నిండలేదు. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో మిషన్ బడిలో మాస్టరుగా చేరారు. బడీ, చర్చీ, పాస్టరు అయ్యగారి ఇల్లూ అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. ఆ ఆవరణ చివర మాకు రెండు గదులూ, ఒక వసారా ఇచ్చారు. స్టేషన్ దగ్గరే కావడంతో పగలంతా ఇంజన్ల కూతలు వినిపించేవి. అమ్మ ఉతికి ఆరేసిన తెల్లచీరల మీద బొగ్గునుసి పడేది. రైలు వాళ్ళకి మా తెల్లచీరలంటే కంటగింపు అని అమ్మ రోజూ విసుక్కునేది.

అమ్మ మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆ సమాజంలో ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ అందులోంచి ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసి, పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ కుండలోదంతా గుడ్డసంచిలో పోసుకుని, చర్చి గుమ్మం దగ్గరున్న పెద్ద బుట్టలో కుమ్మరించాలి. రేషన్ రోజుల్లో కూడా అమ్మ ఆ పిడికిలి మానలేదు. కాకపోతే పిడికిలి కొంచెం బిగించేది. ఆ సంగతి నేను గమనించి ఒకసారి నవ్వితే గరిటె చూపించింది.

ఆ యేడు వేసవి నుంచే మా బడి హాలు ఖాళీగా ఉండేది కాదు. రజాకార్ల భయానికి పల్లెలు వదిలి వచ్చిన మా క్రైస్తవులు మొదట అందులో తలదాచుకున్నారు. తర్వాత ఆ ఐదు రోజులు వచ్చాయి. బేగంపేట వైపు నుంచి విమానాల మోత వినిపించేది. నాన్న కిటికీలకు నల్లకాగితాలు అంటించారు. మేం బల్ల కింద కూర్చుని మరమరాలు తిన్నాం. నాకు యుద్ధమంటే మరమరాలే గుర్తు. అది ముగిసి మిలిటరీ లారీలు ఊళ్ళోకి వచ్చినప్పుడు అందరితో పాటు నేనూ చేతులూపాను. పల్లెలవాళ్ళు సంతోషంగా ఇళ్ళకు బయల్దేరారు, హాలు కడిగారు. నెల తిరక్కుండానే అది మళ్ళీ నిండింది. ఈసారి వచ్చింది బీదరు వైపు ముస్లింలు. అందరూ ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలే. వాళ్ళ మగవాళ్ళు ఏరని నేను నాన్నను అడిగాను. ఆయన నా జడ సవరించి, వెళ్ళి చదువుకో అన్నారు.

పెద్దవాళ్ళలో మాటలు మాత్రం చాలా నడిచాయి. సంఘంలో సగం మంది మొహాలు ముడుచుకున్నారు. "నా తమ్ముని ఇల్లు కాలవెట్టినోళ్ళకు మన బియ్యం పెట్టాల్నా?" అని బైబిలమ్మ అయ్యగారినే నిలదీసింది. బైబిలమ్మ అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే ఆవిడ. మంచి మనిషే, కానీ ఆమె తమ్ముడి ఇల్లు నల్లగొండ వైపు నిజంగానే కాలిపోయింది. అయ్యగారు మెల్లగా, "ఆ కాలబెట్టినవాళ్ళు ఈ హాల్లో లేరమ్మా. ఈ ముసలావిడ అగ్గిపుల్ల గీసే ఓపిక కూడా ఉన్నది కాదు" అన్నారు. దాంతో ఆ వారం నుంచి పిడికెడు బియ్యం బుట్ట హాలుకే వెళ్ళింది.

ఆ ముసలావిడే దాదీమా. వెంట ఉన్న మనవరాలు అలా పిలిచేది కాబట్టి మాకూ దాదీమా అయింది. మనవరాలు నా ఈడుదే, తల్లి లేదు. తండ్రి వీళ్ళిద్దరినీ రైలెక్కించి, నేను వెనక వస్తా, మీరు పోండి అని దిగిపోయాడట. అంతే, మళ్ళీ కబురు లేదు. అయ్యగారు బీదరు వైపున్న పాస్టర్లకు ఉత్తరాలు రాశారు, ఫలానా మనిషి కనబడితే సికింద్రాబాదు స్టేషన్ దగ్గర చర్చి బడికి పంపండి అని. దాదీమా ప్రాణమంతా ఆ ఉత్తరాల మీదే ఉండేది. హాల్లోని కొంతమంది, బంధువులను వెతుక్కుంటూ హైదరాబాదు సిటీకి వెళ్ళిపోతూ రమ్మని పిలిస్తే, "నేను ఈడికెళ్ళి కదల. నేను కదిల్తె నా కొడుకు మమ్మల్ని ఏడ పట్టుకుంటడు?" అనేది.

హాల్లో ఒక వాసన ఉండేది. తడిబట్టలు, సుద్దముక్కలు, జొన్నరొట్టె మాడిన వాసన అన్నీ కలిసి ఉండేవి. వాళ్ళకు అందిన బియ్యం ఏ ఒక్క ఇంటివీ కావు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఉప్పుడుబియ్యం, నూకలు అన్నీ కలిసి ఉంటే ఒకటి ఉడికేలోపు ఇంకోటి ముద్దయ్యేది. దాదీమా మా వసారాలో చాట ముందు కూర్చుని వాటిని వేరు చేసేది. అమ్మ వద్దంటే, "ఉత్తగ కూసుంటె కాళ్ళు పడిపోతయ్ అమ్మా" అనేది. ఆమె పక్కన కూర్చుని నేనూ, ఆమె మనవరాలూ గచ్చకాయలాడేవాళ్ళం. ఆ పిల్ల నాలుగు గచ్చకాయలు ఎగరేసి నాలుగూ పట్టేది. నేను ఓడినప్పుడల్లా లెక్క తప్పు అని గొడవ చేసేదాన్ని.

ఒకరోజు అమ్మ పిడికెడు తీసి కుండలో వెయ్యడం దాదీమా చూసింది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది కదా, అందుకని నన్ను అడిగింది.

"ఏందే బిడ్డా గది? గింజలు గా కుండల ఎందుకేస్తుంది మీ అమ్మ?"

నాకు ప్రసంగం చేసే అవకాశం దొరికింది. వండిన ప్రతిసారీ దేవుడికి ఒక పిడికెడు తియ్యాలనీ, ఆదివారం చర్చికి ఇవ్వాలనీ, అది లేనివాళ్ళకు పోతుందనీ చేతులు తిప్పుతూ చెప్పాను. దాదీమా నోరంతా తెరిచి నవ్వింది.

"మాదాంట్ల సుత గట్లనే తీస్తరు బిడ్డా, మదర్సా పోరగాళ్ళకు. మేం ముట్ఠీ అంటం." కాసేపు చాటలో వేళ్ళాడించి, "గట్లైతె నేను సుత తీస్త. ఆయన గింజలు ఆయనకే ఇస్త. మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు. మీ పెద్ద పండుగకు నా చేతుల్తోని నేనే ఇస్త. అప్పటికి నా కొడుకు సుత వస్తడు" అంది.

అలా ఆ రహస్యం నా చేతికి వచ్చింది. ఆమె తన పాత దుప్పట్టా చింపి మూటలా కట్టి, హాల్లో తన బెంచీ కింద పెట్టుకుంది. రోజూ వండబోయే ముందు నాకు కన్నుగీటి ఒక పిడికెడు అందులో వేసేది. వాళ్ళకు అందేదే చాలీచాలని బియ్యం. అందులోంచి ఒక పిడికెడు పోతే ఎవరి కంచంలో తగ్గుతుందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆ ముసలావిడ ఎండిపోతూనే ఉంది, మేం వయసు అనుకున్నాం.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. క్రిస్మస్ దగ్గర పడింది. అంతకు ముందు యేడు నాకు కుట్టించిన నీలం గౌను ఒకటి ఉండేది, మెడ చుట్టూ తెల్ల లేసుతో. అది నాకు పొట్టిదైపోయింది, నిజమే. అయినా అది నాది. అమ్మ నన్ను ఒక్కమాట అడగకుండా దాన్ని ఆ పిల్లకు తొడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత ముద్దొస్తున్నావే తల్లీ" అని బుగ్గ పుణికింది. నా బుగ్గ పుణికి ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడే లెక్కకొచ్చింది. ఆ సాయంత్రం గచ్చకాయల్లో ఆ గౌను వేసుకునే ఆ పిల్ల నన్ను మూడుసార్లు ఓడించింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు శనివారం. అమ్మా, బైబిలమ్మా మా వంటింట్లో గులాబీపువ్వులు వేస్తున్నారు. ఇనుప అచ్చు పిండిలో ముంచి నూనెలో పెడితే పువ్వు విచ్చుకుని జారేది. ఇల్లంతా కొబ్బరిపాలూ యాలకులూ కాగే నూనే కలిసిన వాసన. నేను విరిగిన పువ్వు ఒకటి తింటూ, ఏమీ ఎరగనట్టు అన్నాను.

"అమ్మా, దాదీమా బెంచీ కింద మూటలో బియ్యం దాచుకుంటోంది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అబద్ధం ఆడలేదని నాకు నేను చెప్పుకున్నాను. తెలిసినదాంట్లో సగం చెప్పి మిగతా సగం మింగేశాను, గులాబీపువ్వుతో పాటే.

బైబిలమ్మ చేతిలోని అచ్చు కింద పెట్టింది. "నేను జెప్పలే?" అంది. అమ్మ పొయ్యి మీంచి మూకుడు దించి, పోనీలెండి అనబోయి, సమాజానికి పెద్ద కదా, లేచింది. నేను వెనకే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు. ఆ పిల్ల మొహం చూడాలని.

హాల్లో అందరూ చూస్తుండగా బైబిలమ్మ బెంచీ కిందికి వంగి మూట లాగి విప్పింది. రకరకాల బియ్యం, రాయీ రప్పా లేకుండా శుభ్రంగా ఏరినవి. "గిదేంది? పెట్టింది తినక దాచుకునుడేంది? అమ్ముకుంటవా?" అంది. దాదీమాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది, సాక్షి దొరికిందన్నట్టు.

"గది మీ గిర్జాకే తీసిపెట్టిన అమ్మా. మీ లెక్కనే, పిడికెడు పిడికెడు. మీ బిడ్డకు ఎర్కే. అడుగుండ్రి."

అమ్మ నా వైపు తిరిగింది. "నిజమేనా? నీకు తెలుసా?"

తెలుసంటే, మరి ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. చెప్పినదాన్ని సగమే ఎందుకు చెప్పావని అడుగుతుంది. అందరి ముందూ వీపు చీరేస్తుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్కేశాను. అంకెల్లో ఎప్పుడూ అంత చురుకుగా లేను.

"నాకు తెలీదు" అన్నాను.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. ఎవరూ ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మా అమ్మ ఆమెను క్షమించింది. "పోన్లెండి, ఆకలికి భయపడి దాచుకున్నారు. ఉంచుకోండి, తప్పేం లేదు" అని మూట మళ్ళీ కట్టి చేతికిచ్చింది. బైబిలమ్మ కోపం కూడా చల్లారిపోయి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ స్త్రీ అపరాధమును జ్ఞాపకము చేసికొనకుము" అని గట్టిగా ప్రార్థన చేసింది. చెయ్యని దొంగతనానికి మేం ఆమెకు క్షమాపణ దయచేశాం. ఇళ్ళల్లో మేమంతా రోజూ చేసే పనే ఆమె చేస్తే, మాలో ఒక్కరికీ అది మన పనే అని తట్టలేదు. దాదీమా తల మీద కొంగు సర్దుకుని ప్రార్థన అయ్యేదాకా నిలబడింది. అయ్యాక అలవాటు కొద్దీ "ఆమీన్" అంది. పక్కన ఆ పిల్ల నీలం గౌనులో నన్నే చూస్తోంది. నేను చూడాలనుకున్న మొహం చూశాను. చాలనిపించింది.

ఆదివారం ఉదయం ఆరాధన మొదలయ్యాక నేను నీళ్ళు తాగే వంకతో బయటికొచ్చాను. దాదీమా చర్చి గుమ్మం దగ్గర వంగి, మూట విప్పి, బియ్యం బుట్టలో పోస్తోంది. దుప్పట్టా దులిపి భుజాన వేసుకుంది. మనవరాలి చేతిలో ఒక తట్టబుట్ట. ఒంటి మీద పాత బట్టలు. గౌను ఉతికి మడిచి బెంచీ మీద పెట్టి వచ్చిందని తర్వాత తెలిసింది. నేను పారిపోదామనుకున్నాను గానీ దాదీమా చెయ్యి పట్టుకుంది.

"భయపడ్డవ్ గదనే? చిన్నదానివి, గంతే. నాకు నీ మీద ఏం లేదు" అంది. నా తల మీద చెయ్యి పెట్టింది. "పెద్దోళ్ళను నేనిగ ఏం అడగ. నీకొక్కదానికే చెప్తున్న. సీతాఫల్‌మండి మసీదు కాడ ఉంటం. నా కొడుకు ఈడికొస్తె జెర తోల్కొనిరా బిడ్డా. మర్వకు."

మర్చిపోనన్నాను. లోపల కీర్తన పాడుతున్నారు, వాళ్ళిద్దరూ గేటు దాటారు. నాకు కలిగింది ఏమిటో దాచకుండా చెప్పాలంటే, హాయి. ఇక నా గుట్టు తెలిసినవాళ్ళు ఆవరణలో లేరు.

చెప్పకుండా వెళ్ళిపోయారేమిటని అమ్మ బాధపడింది. అయ్యగారు రెండు రోజులు విచారించారు. ఎవరో సిటీ వైపు వెళ్ళి ఉంటారన్నారు, అదే ఖాయమైంది. నేను చెప్పలేదు. నీకెలా తెలుసు అంటారు. నీకే ఎందుకు చెప్పింది అంటారు. ఆ దారం లాగితే ఎక్కడిదాకా వస్తుందో నాకు తెలుసు.

ఎనిమిది రోజులకు, సోమవారం పొద్దున, అతను వచ్చాడు. పలచగా, గడ్డం మాసి, భుజాన తోలుతిత్తి వేసుకుని. గిన్నెలకు కళాయి వేసే మనిషి. అయ్యగారి ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి అతనికి అందింది. అతని తల్లీ, కూతురూ ఇక్కడ నెలన్నర పైగా ఉన్నారనీ, ఎనిమిది రోజుల కిందట వెళ్ళిపోయారనీ అయ్యగారు చెప్తే, మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, "బతికున్నరు గద సాబ్. గది చాలు. ఇన్నొద్దులు తిండి పెట్టిండ్రు, మీ రుణం ఎట్ల తీర్చాలె?" అన్నాడు. వద్దంటున్నా వినకుండా, క్రిస్మస్ విందుకు తీసిన గుండిగలు బయట కనబడితే, వాటి ముందు కూర్చున్నాడు.

నేల తవ్వి బొగ్గులు పోసి తిత్తి ఊదాడు. నవాసాగరం పొడి చల్లితే తెల్లటి ఘాటు పొగ లేచింది. తగరం కరిగించి దూదితో గిన్నె లోపల ఒక్క తిప్పు తిప్పితే వెన్నెల్లా మెరిసింది. పిల్లలందరూ చుట్టూ చేరి చూశారు. నేనూ చూశాను. అన్నం కంచం నాచేతే పంపింది అమ్మ. అతను చేతులు కడుక్కుని, నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

"నా బిడ్డ నీ అంతే ఉంటది. నీతోని ఆడుకున్నదా? యాడికి పోతున్నమని ఏమన్న చెప్పిందా?"

సీతాఫల్‌మండి అక్కడికి ఎంత దూరమని. నడిచినా గంట పట్టదు. నా నోటిదాకా వచ్చింది. వాళ్ళు దొరికితే దాదీమా ఎందుకు వెళ్ళిపోయిందో అతనికి చెప్తుంది. అతను మళ్ళీ వచ్చి అందరికీ చెప్తాడు. నేను తల అడ్డంగా ఊపాను. మధ్యాహ్నం నీళ్ళిచ్చినప్పుడూ ఊరుకున్నాను. సాయంత్రం చివరి గుండిగ బోర్లించి, అందరికీ దండం పెట్టి, సిటీలో వెతుకుతానని అతను వెళ్ళిపోతుంటే గేటు దాకా వెళ్ళి కూడా ఊరుకున్నాను.

మూడు రోజులు అన్నం దిగలేదు. జ్వరమనుకుని అమ్మ కషాయం పట్టింది. గురువారం మధ్యాహ్నం బడి వదిలాక నాన్న దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను, గౌనుతో సహా. ఆయన కొట్టలేదు. సైకిలు తీసి, "ఎక్కు" అన్నారు.

సీతాఫల్‌మండి మసీదు దగ్గర నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ తొట్టి కడుగుతున్న పెద్దాయన నాన్న మాట విని, తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"మొన్న మంగళారం పొద్దుగాల్నే పోయిండ్రు సాబ్. బొంబాయి బండెక్కిండ్రు ఎవల్తోనో. గిదే మెట్ల మీద కూసుంటుండె ముసలామె, సడక్ దిక్కే చూసుకుంట. గిర్జాకెళ్ళి ఒక బిడ్డ వస్తది, నా కొడుకు రాంగనే తోల్కొని వస్తది, నాకు మాటిచ్చింది అంటుండె. ఇంకో నాలుగొద్దులు ఆగు అమ్మా అన్న. ఆగలే. గా బిడ్డ మంచిది, నా కొడుకు వచ్చుంటె తోల్కొని వచ్చేదే, రాలేదంటె నా కొడుకు ఇగ లేడు అన్నది."

వచ్చేటప్పుడు నాన్న సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ వచ్చారు. ఆ తర్వాత ఆయనా అయ్యగారూ కళాయి మనిషి కోసం సిటీలో గల్లీగల్లీ అడిగారు, బొంబాయికి ఉత్తరాలు రాశారు. ఏదీ తిరిగి రాలేదు. అమ్మకు నాన్న ఏం చెప్పారో నాకు తెలియదు. ఆ క్రిస్మస్‌కు అమ్మ విందులో వడ్డించడానికి వెళ్ళలేదు. నన్ను మాత్రం ఒక్కమాటా అనలేదు. అని ఉంటే ఈ వయసులో ఇలా కూర్చుని రాసుకోవలసి వచ్చేది కాదేమో.

ఇప్పుడు నేను దాదీమా కంటే పెద్దదాన్ని. ఆమె నన్ను క్షమించే వెళ్ళింది, ఆ మాట నా చెవులతో విన్నాను, అయినా అది నాకు ఎప్పుడూ సాయపడలేదు. ఆమె నన్ను దొంగ అనుకుని ఉంటే, అబద్ధాలకోరు అనుకుని ఉంటే, నా రాకతో సంబంధం లేకుండా ఆ మెట్ల మీద ఇంకో వారం కూర్చునేది. మంచిదాన్ని అనుకుంది కాబట్టే లేచి బండెక్కింది.